ఎర్రెంటికలన్న నోరు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏది చూసినా ‘ఇదెందుకిట్లా ఉంది?’ అని అడగకుండా ఉండలేను. బస్సులో పక్క సీటామె ఒక చేతికే గాజులెందుకు వేసుకుందో తెలిసేదాకా, నేను దిగాల్సిన స్టేజీ దాటిపోయినా పట్టించుకోను. మా ఇంట్లో దీన్ని ఆరా రోగం అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాక కూడా అది తగ్గలేదు.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నిజామాబాద్‌లోని మా ఇంటికి వస్తుంటారు. ఎన్ని కప్పులు గెలిచారు మేడం అని అడుగుతారు. గోడ మీద ఒక్క ఫొటో కూడా లేకపోవడం చూసి కొంచెం జాలిపడతారు కూడా. వాళ్ళకు నేను చెప్పే సంగతి ఒకటే. అది ఒక నోటి గురించి. నేను ఎప్పుడూ కలవని, ఇక కలిసే అవకాశం కూడా లేని ఒక ఐర్లాండ్ పిల్లవాడి నోటి గురించి. మీకూ అదే చెబుతాను, ఓపికుంటే వినండి.

నా చివరి పోస్టింగు బోధన్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో. బడికి ఒక పక్క చెరుకు, ఇంకో పక్క వరి. గాలి అటు నుంచి వీస్తే తీపి వాసన, ఇటు నుంచి వీస్తే బురద వాసన. ఒకరోజు పైనుంచి ఆర్డరు వచ్చింది, ప్రతి హైస్కూల్లో ఆడపిల్లల రగ్బీ జట్టు తయారు చేయాలని. ఆర్డరుతో పాటు ఒక బంతి కూడా వచ్చింది.

మా హెడ్మాస్టరుగారు క్యాంపు మనిషి. వాళ్ళ తాతగారు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుని ఇక్కడే స్థిరపడ్డారు. మాట మాత్రం ఇంకా అటు వైపుదే. బంతిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, “మేడం గారూ, దారిలో ఎక్కడో నొక్కుకుపోయినట్టుందండీ. గుండ్రంది పంపమని రాసేద్దామా?” అన్నారు. అది అట్లాగే ఉంటుందని ఆయనకు నచ్చజెప్పాను. నిజం చెప్పాలంటే నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు. నేను నేర్చిందీ, నేర్పిందీ కబడ్డీ, ఖోఖో.

ఆ ఆట ఎట్లా ఉంటుందో మాకు చూపించింది సోషల్ సారు. ఆయనది బోధన్‌లో తరాలుగా ఉంటున్న కుటుంబం, పాత బస్తీలో అన్నదమ్ముల టైలరింగు దుకాణం ఉంది. మా స్టాఫులో ఫోను పూర్తిగా వాడటం వచ్చిన మనిషి ఆయనొక్కడే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడిగాక ఆయన ఏదో వెతికితే, ఐర్లాండ్ కుర్రాళ్ళ మ్యాచ్ ఒకటి వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లలు. అందులో ఒకడు ఎర్ర జుట్టువాడు, మైదానం అంచు వెంట బంతి పట్టుకుని ఉరుకుతున్నాడు.

“ఇంగ్లండు వాళ్ళా సార్?” అని అడిగాను.

“ఆహిస్తా, మెల్లగ మేడం! ఆ మాట వాళ్ళ ముంగట అంటే కొడ్తరు. పక్కపక్కనే ఉంటరు గానీ వేరే ముల్కు, వాళ్ళ దేశం వాళ్ళది,” అంటూ గోడ మీది మ్యాపులో వేలు పెట్టి చూపించాడు.

ఆ ఎర్ర జుట్టువాడే మా పాఠ్యపుస్తకం అయ్యాడు. వెంట్రుకల్ని మా వైపు ఎంటికలంటారు కాబట్టి పిల్లలు అతనికి ఎర్రెంటికలన్న అని పేరు పెట్టేశారు. బంతిని ముందుకు విసరకూడదనీ, వెనకున్నవాళ్ళకే ఇవ్వాలనీ, చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తేనే లెక్క అనీ అతన్ని చూసే నేర్చుకున్నాం. నేను పగలు చూసి, మరునాడు పొద్దున నేర్పేదాన్ని. ఒక్కరోజు ముందున్న టీచరునన్న మాట.

మొదటి రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా జట్టులో అందరికంటే చురుకైన పిల్ల చేతికి బంతి ఇచ్చి, ఉరకమన్నాను. బాణంలా పోయింది. ఎదుటి జట్టులో ఇద్దరిని చేత్తో చరిచింది, గిరుక్కున వెనక్కి తిరిగింది, అదే వేగంతో మన వైపుకే వచ్చి మధ్య గీత ముట్టి నిలబడింది.

“ఇద్దరు అవుట్ మేడం!” అంది.

చరిపించుకున్న ఇద్దరూ కూడా బుద్ధిగా పక్కకు వెళ్ళి కూర్చున్నారు. నేను వాళ్ళను లేపేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ ఊళ్ళో కబడ్డీ ఆడని ఇల్లు లేదు. ‘కబడ్డీ కబడ్డీ’ అని ఒకే ఊపిరి మీద కూత పెడుతూ అవతలికి పోవాలి, ముట్టాలి, కూత తెగకముందే మన గీతకు చేరాలి. తెగితే అవుటు. నడక నేర్చిన పిల్లలందరికీ అక్కడ తెలిసిన మొదటి చట్టం అదే.

ఆ పిల్ల నాన్న ఒకప్పుడు చుట్టుపక్కల పేరున్న కబడ్డీ ఆటగాడు. జాతరలో ఆయన కూతకు వస్తే అవతలి ఊరివాళ్ళకు చెమటలు పట్టేవట. ఇప్పుడు చెరుకు ట్రాక్టరు నడుపుతాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకును దూరం తీసుకుపోవాలి, అందుకని ఆయన ఇంట్లో ఉండేది తక్కువ. తల్లి బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. ఆ పిల్ల వేళ్ళు కూడా అప్పటికే ఆకు కత్తిరించడం నేర్చాయి.

ఒకరోజు ఆ నాన్న బడి గేటు దగ్గర ట్రాక్టరు ఆపి లోపలికి వచ్చాడు.

“మేడం, ముందట మైదానమంత ఖాళీగ ఉంటె బంతిని ఎనుకకు ఇచ్చుడేంది? గిదేం ఆట?”

“అది గట్లనే ఉంటదన్నా. మీ పిల్లకు మంచి కాళ్ళున్నయి. పదో తరగతిల జిల్లా ఎంపికలు ఉంటయి. అండ్ల పాసైతె స్పోర్ట్స్ హాస్టల్ల సీటు ఇస్తరు. తిండి, బట్ట, ఇంటరు సదువు అన్ని వాళ్ళవే,” అన్నాను. ఆ ఊరివాళ్ళతో మాట్లాడేటప్పుడు నా నోటికీ ఆ యాసే వస్తుంది.

ఆయన తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు. “పదో తరగతి అయినంక సదువు బంద్ చేద్దామనుకున్న. రోజు బోధన్‌కు పంపుడు నాతోని కాదు. వాళ్ళవ్వ పక్కకు సాట పట్టుకొని కూసుంటది. సరె, మీరు సెప్పినట్టు ఎంపికైతె పంపుత. కాకుంటె మాత్రం మల్ల నన్ను అడగొద్దు.”

పిల్ల గోడ చాటున నిలబడి విన్నది. అప్పటి నుంచి ఆ చాటకూ ఈ బంతికీ మధ్య ఒక్క సంవత్సరమే ఉందని మా ముగ్గురికీ తెలుసు.

వెనక్కి ఉరికి రావడం వారంలో మానింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. బంతి చేతికి రాగానే పిల్ల దూసుకుపోయేది. వెనకాల ఎవరూ అందుకోలేరు. ముందర గీత కనిపిస్తూ ఉంటుంది. సరిగ్గా మైదానం సగం దాటిన చోట, ఎవరో పిలిచినట్టు నెమ్మదించి, ఆగిపోయేది. బంతిని పక్కన ఎవరుంటే వాళ్ళకు ఇచ్చేసేది. ఎవరూ లేకపోతే కింద పెట్టేసేది. ఎందుకాగినవ్ బిడ్డా అంటే తలవంచుకుని, “అయిపోయింది మేడం,” అనేది. ఏం అయిపోయిందో చెప్పేది కాదు, నేను అలసట అనుకునేదాన్ని.

నా రోగానికి ఇంతకంటే మంచి మేత ఏముంటుంది? ప్రతివాళ్ళనూ అడిగాను. హెడ్మాస్టరుగారు, “రక్తం తక్కువేమోనండీ,” అన్నారు. ఆస్పత్రిలో పరీక్ష చేయించాం, రక్తం నాకంటే బాగుంది. అయినా ఆయన తన సొంత డబ్బుతో పల్లీ చిక్కీలు తెప్పించి రోజూ తినిపించారు. పిల్ల బుగ్గలు నిండాయి గానీ ఆగే చోటు మారలేదు. సోషల్ సారు అది దిల్‌లో భయం అన్నాడు. తనకంటే బరువైన పిల్లల్ని ఎత్తి పడేస్తుంటే ఇంక భయమెక్కడిది? నాకు బూట్ల మీద అనుమానం వచ్చింది. బూట్లు విప్పించాను. వట్టి కాళ్ళతో కూడా అక్కడే ఆగింది.

అప్పుడు బంతి లేకుండా చెరుకు తోటల బాట మీద ఉరికించాను. కాలువ గట్టు దాకా పోయి, తిరిగొచ్చి, ఇంకా పోనా మేడం అంది. వేరే పిల్ల బంతితో పోతుంటే వెంటపడమన్నాను. చివరి గీత దాకా తరిమింది. అంటే కాళ్ళలో లేదు, గుండెలో లేదు. చేతికి బంతి వచ్చినప్పుడు మాత్రమే ఏదో జరుగుతోంది. ఆ బంతిని ఇంటికి తీసుకుపోయి, సాయంత్రమంతా ఒళ్ళో పెట్టుకుని చూశాను. దాని మొహం నా మొహం లాగే ఉంది, ఏమీ చెప్పలేదు.

ఈలోపు ఎర్రెంటికలన్న బతుకు కూడా సాఫీగా ఏం లేదు. అతన్ని వాళ్ళ ప్రాంతం పెద్ద జట్టులోకి తీసుకున్నారని సోషల్ సారు వార్త మోసుకొచ్చాడు. మేం ఎదురుచూశాం. మ్యాచ్ తర్వాత మ్యాచ్ వచ్చింది, అతను మాత్రం పక్కన బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చునే ఉన్నాడు. పొద్దున్నే ప్రార్థన కాగానే పిల్లలు, “ఎర్రెంటికలన్నను ఆడనిచ్చిన్రా సార్?” అని అడిగేవాళ్ళు. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. చివరికి ఒక మ్యాచ్‌లో, ఎవరికో దెబ్బ తగిలితే ఇతన్ని పంపారు. బంతి అందింది. అందరినీ తప్పించుకుని గీత దాకా పోయాడు. ఇక నేలకు ఆనించడమే. అక్కడ చేతిలోంచి జారిపోయింది.

మా స్టాఫ్ రూములో అందరం తలలు పట్టుకున్నాం. మా పిల్ల మాత్రం, “పాపం, శేతులకు శెమట పట్టిందేమో,” అంది. ఆ తర్వాత చాలాకాలం అతను కనబడలేదు. ట్రాక్టరు నాన్న కూడా గేటు దగ్గర ఆగి, “గా ఎర్రెంటికలోన్ని మల్ల తీస్కున్నరా మేడం?” అని అడిగి పోయేవాడు. ఇంట్లో పిల్ల ఏమేం చెబుతోందో అప్పుడర్థమైంది నాకు.

చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో అతను మళ్ళీ ఆడాడు. సోషల్ సారు ఫోనును నీళ్ళ బిందెకు ఆనించి పెట్టాడు, జట్టంతా చుట్టూ మూగింది. అతను ఉరుకుతుండగా దగ్గరి నుంచి తీసిన బొమ్మను మెల్లగా నడిపి చూపించారు. పళ్ళన్నీ బయటపడి, బుగ్గలు అదిరిపోతూ, నోరు ఇంత పెద్దగా తెరుచుకుని ఉంది. పిల్లలు పగలబడి నవ్వారు.

“నోట్లెకు ఈగలు పోతయి గదనే!” అంది ఒకతి.

మా పిల్ల నవ్వలేదు. ఫోను దగ్గరికి జరిగి, కళ్ళు చిన్నవి చేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

“నోరు తెరిస్తె ఈయన కూత తెగదా మేడం?”

“నువ్వు బంతి పట్టుకొని ఉరికేటప్పుడు కూత పెడుతున్నవా?” అన్నాను.

“పెట్టకపోతె ఎట్ల?” అంది, నేనే ఏదో తెలియని మనిషినైనట్టు. “బయటికి అనద్దని మీరే అన్నరు గద. లోపట లోపటనే అంటున్న. దమ్ము అయిపోతె ఆగుతున్న. తెగినంక గూడ ఉరికితె తొండి ఐతది గద మేడం.”

మొదటివారం పిల్లలు కబడ్డీ కబడ్డీ అని అరుస్తుంటే నోళ్ళు మూయండే అని కసిరింది నేనే. అందరూ మానేశారు. ఈ పిల్ల మాత్రం నోరు మూసుకుని, కూతను లోపలికి తోసుకుంది. పెదవులు బిగించి, ముక్కుతో కూడా గాలి పీల్చకుండా, ఒకే ఊపిరి మీద సగం మైదానం ఉరుకుతోంది ఇన్నాళ్ళూ! పక్కనుంచి పోతుంటే సన్నగా ‘మ్‌మ్’ అని వినబడేది నాకు. నేనూ కబడ్డీ దాన్నే కాబట్టి ఆ చప్పుడు వింతగా తోచలేదు. ఆ పిల్ల నిజాయితీకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, నా తెలివికి నవ్వు కూడా వచ్చింది.

సంగతి తెలిసింది కదా, ఇక చిటికెలో పని అనుకున్నాను. కాదు. ఊపిరి తీసుకో అని చెబితే తీసుకునే రకం కాదు అది. “సరె మేడం,” అనేది, బంతి చేతికి రాగానే పెదవులు వాటంతట అవే అతుక్కునేవి. పాట పాడుతూ ఉరకమన్నాను, పల్లవి దాటేసరికి దగ్గు. ఎక్కాలు చెప్పమన్నాను, ఎక్కం మరిచిపోయి బంతి వదిలేసింది. చివరికి నాన్ననే పిలిపించి చెప్పాను.

ఆయన మొహం వాడిపోయింది. “కాలువల ముంచి నేర్పిన మేడం దమ్ము. కూత తెంపుకొని వచ్చిన రోజు ఇంట్ల మాట్లాడకపోయేటోన్ని దానితోని. గిప్పుడు తెంపు అని ఏ నోటితోని సెప్పాలె?” అని వెళ్ళిపోయాడు. ఆయన్ని నేను తప్పు పట్టలేదు. ఆయనకున్న ఆస్తి అంతా ఆ దమ్మే, దాన్నే బిడ్డకు ఇచ్చాడు.

దారి చూపించింది చెరుకే. ఒకరోజు ఇంటర్వెల్లో పిల్లలు చెరుకు ముక్కలు నములుతూ బంతితో ఆడుతున్నారు. మా పిల్ల రెండు చేతులతో బంతి అందుకోవాల్సి వచ్చి, ముక్కను పళ్ళ మధ్య అడ్డంగా కరిచి పట్టుకుంది. అట్లాగే ఉరికింది. సగం దాటింది. ఆగలేదు. చివరి గీత దాటి, గోడ దాకా పోయి, బంతి కింద పెట్టి, మళ్ళీ చెరుకు నమలడం మొదలుపెట్టింది. తనేం చేసిందో తనకే తెలియదు. నోట్లో చెరుకు అడ్డం ఉంటే పెదవులు మూతబడవు, పెదవులు మూతబడకపోతే కూత నిలవదు.

ఆ రోజు నుంచి, ఎదురు పట్టేవాళ్ళు లేని బంతి పరుగులకు ఆ పిల్ల నోట్లో చెరుకు ముక్క ఉండాల్సిందే. అడ్డంగా, గుర్రానికి కళ్ళెం పెట్టినట్టు. హెడ్మాస్టరుగారు వరండాలోంచి చూసి, “మేడం గారూ, ఇది కూడా ఆ రూల్సులో ఉందాండీ?” అన్నారు. చెరుకు సీజను అయిపోయేనాటికి ముక్క లేకుండా కూడా పదిసార్లలో ఎనిమిదిసార్లు చివరిదాకా పోతోంది. మిగతా రెండుసార్ల గురించే నాకు నిద్ర పట్టేది కాదు.

ఎంపికలు నిజామాబాద్ స్టేడియంలో. బోధన్ నుంచి బస్సులో వచ్చాం. సోషల్ సారు వాళ్ళ అన్నదమ్ములు కుట్టిచ్చిన నీలం జెర్సీలు పిల్లల మీద కొంచెం వదులుగా ఉన్నాయి. ఎంచే మనిషి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సన్నటి కోచమ్మ, తను కూడా ఆడి మోకాలు పాడు చేసుకున్నదట, పట్టీ కట్టుకుని కుంటుతూ తిరుగుతోంది. ట్రాక్టరు నాన్న బస్సులో రాలేదు. ఆట మొదలయ్యాక చూస్తే, అవతలి అంచున తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొదటిసారి బంతి వచ్చింది. పిల్ల ఉరికింది. నాకు అంత దూరం నుంచి కూడా కనిపించింది, పెదవులు బిగిసిపోయి ఉన్నాయి. కొత్త మైదానం, ఇంతమంది జనం, భయం, పాత అలవాటు అన్నీ కలిసి వచ్చేశాయి. సగం దాటగానే ఆగింది. బంతి పక్కకు ఇచ్చేసింది. కోచమ్మ ఇంకో పిల్ల వైపు చూపు తిప్పుకుంది.

“ఖతం,” అన్నాడు సోషల్ సారు మెల్లగా. నేను ఆయన మీద కసురుకున్నాను. నా కళ్ళ ముందు ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్న పిల్లే కనబడుతోంది.

ఆట ఇక అయిపోతుందనగా మళ్ళీ బంతి వచ్చింది. ఈసారి నాన్న నిలబడ్డ అంచు వెంబడి. పెదవులు మళ్ళీ బిగిసే ఉన్నాయి. సగం గీత దగ్గరపడింది, అడుగు తడబడింది. అప్పుడు అవతలి నుంచి ఒక కేక వినబడింది.

“తెంపు బిడ్డా! కూత తెంపూ!”

తువ్వాలు జారిపోయి మెడలో పడింది, చెప్పులు ఎక్కడో పోయాయి, ఆ మనిషి గీత బయట కూతురి పక్కన ఉరుకుతున్నాడు. “తెంపు! తొండి కాదు బిడ్డా! నేను సెప్తున్న, తెంపు!”

జాతరల్లో ఆయన కూత విన్న మనుషులు ఆ జనంలో కొందరైనా ఉండే ఉంటారు. వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు. పిల్ల ఒక్కసారి తల తిప్పి చూసింది. “బాపూ!” అని అరిచింది. అరవాలంటే నోరు తెరవాలి కదా. తెరిచింది. ఇక మూయలేదు. పళ్ళన్నీ బయటపెట్టుకుని, బుగ్గలు అదురుతూ, అచ్చం ఆ ఎర్రెంటికలన్న లాగే పోయింది. నేను కూడా నోరు తెరుచుకునే నిలబడ్డాను.

గీతకు ఒక అడుగు ఇవతల, వెనకనుంచి ఒక పిల్ల దూకి కాలు పట్టేసింది. ఇద్దరూ కింద పడ్డారు. పడుతూనే మా పిల్ల ఒళ్ళంతా సాచి, చెయ్యి చాపి గీత ముట్టింది. లేచి నిలబడి ఆ చెయ్యి పైకెత్తింది.

ముట్టింది ఖాళీ చేత్తో. బంతి ఇంకో చంకలోనే ఉంది.

రిఫరీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అంతా అయ్యాక కోచమ్మ కుంటుతూ వచ్చి, “గీతను ఉత్త చేత్తో ఎందుకు ముట్టినవ్?” అని అడిగింది.

“గీత ముడితె బతికినట్టే గద మేడం,” అంది మా పిల్ల, ఆయాసపడుతూ. కోచమ్మ తెల్లబోయి నా వైపు చూసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. కబడ్డీ, కాలువ, చెరుకు ముక్క, అన్నీ. ఆమె మధ్యలో నవ్వింది, కొంచెం సేపయ్యాక నవ్వు ఆపి, “ఇన్ని నెలలు సగం ఊపిరితోనే ఆడిందా మీ పిల్ల?” అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో బోధన్ దగ్గరపడుతుండగా మా పిల్లే నా భుజం మీద తట్టి, “ఎర్రెంటికలన్నకు గూడ గీత కాడనే పోయింది గద మేడం,” అంది. అవును, మళ్ళీ తీసుకున్నారు కూడా అన్నాను. ఆ పిల్లవాడు నిజంగా ఎవరో, ఏం తింటాడో, వాళ్ళమ్మ ఏం పని చేస్తుందో నాకేం తెలియదు. బోధన్ బస్సులో ఒక పిల్ల అతని తప్పును చూసి ధైర్యం తెచ్చుకుంటోందని అతనికీ తెలియదు.

కొద్దిరోజులకు హెడ్మాస్టరుగారు ఆఫీసులోంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయన పరుగెత్తడం ఆ బడిలో ఎవరూ చూడలేదు. “వచ్చేసిందండీ, సీటు వచ్చేసిందండీ! చిక్కీల మహిమ!” అన్నారు. నేను వాదించలేదు. పిల్ల ఇంటికి పరుగెత్తింది. సాయంత్రం నేను పోయేసరికి తల్లి చాట పక్కన పెట్టి, బిడ్డ బట్టలు మడత పెడుతోంది. నాన్న ట్రాక్టరు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. నన్ను చూసి కూడా బయటికి రాలేదు. కాసేపటికి లోపలి నుంచే, “మాట తప్పను మేడం, నేనే తీస్కపోయి దింపుత,” అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఇంటర్ చదువుతూ రాష్ట్రం జట్టుకు ఆడుతోంది. గీతను బంతితోనే ముడుతోంది. ఎర్రెంటికలన్న కూడా బాగానే ఆడుతున్నాడు, సోషల్ సారు ఇప్పటికీ నా ఫోనుకు పంపిస్తుంటాడు.

పోయిన ఎండాకాలం ఆ ఊరి జాతరకు రమ్మని పిలిస్తే పోయాను. ఆడపిల్లల కబడ్డీ కూడా పెట్టారు. సెలవులకు వచ్చిన మా పిల్లను ఊరి జట్టులో దింపారు. ఆట నడిపే పెద్దమనిషి వాళ్ళ నాన్నే, మెడలో విజిల్‌తో గీత మీద నిలబడ్డాడు. పిల్ల కూతకు పోయింది. ఒకతిని ముట్టింది, ఇంకొకతిని తప్పించుకుంది, ఒకసారి వంగి లేచింది. డప్పుల చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడలేదు, నాకూ వినబడలేదు. లేచేటప్పుడు నోరు కొంచెం తెరుచుకుంది, అంతే.

నాన్న విజిల్ ఊదాడు.

డప్పులు ఆగిపోయాయి. సొంత ఊరివాళ్ళే లొల్లి చేశారు, తెగలేదు, మేం విన్నాం, నీ బిడ్డనే అవుట్ చేస్తవా అని. ఆయన చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు.

“తెగింది,” అన్నాడు గట్టిగా. “నా బిడ్డ కూత తెగింది. నేను ఇన్న.”

పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని, నోరంతా తెరిచి ఊపిరి తీసుకుంటూ బయటికి నడిచింది. ఆయన విజిల్‌ను మళ్ళీ నోట్లో పెట్టుకోబోయాడు గానీ, నవ్వు ఆగకపోవడంతో అది నోట్లో నిలవలేదు.